కట్టినవాళ్ళు ఎక్కాలి

మేస్త్రి పొద్దున్నే షెడ్డు తలుపు తీసి ఇనప్పెట్టె మూత ఎత్తేసరికి అందులో అల్లుడి పనిముట్లు లేవు. స్పానర్లు, సుత్తి, కొలతల టేపు, అన్నీ అతనే తీసి ఒక గుడ్డసంచిలో సర్దుకున్నాడు. ఆ సంచి గోడవారగా, చెప్పుల పక్కన, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా కూర్చుని ఉంది.

వెనకాలే కూతురు టీ గ్లాసుతో వచ్చింది.

"నాన్నా, ఇవాళ ఆయన్ని ఎక్కమని అడక్కు."

మేస్త్రి గ్లాసు అందుకున్నాడు.

"పనికి వస్తారు. అన్నీ కడతారు. పైకి మాత్రం ఎక్కరు. మా అత్తగారి కొట్టు కూలగొడతామనే వాళ్ళ స్టేజీ అది. దాని మీద ఎలా నిలబడతారు చెప్పు?"

"కట్టినవాళ్ళు ఎక్కాలమ్మా."

"తెలుసు. పాలు తాగే వయసు నుంచీ వింటున్నా. అందుకే ముందే చెప్తున్నా. నువ్వు పట్టుబట్టావంటే ఇదే ఆఖరి పని. బస్టాండు వెనక గది చూసుకున్నాం. పిల్లని తీసుకుని వెళ్ళిపోతాం." ఆమె గొంతు తగ్గింది. "నాకేమన్నా సరదా అనుకున్నావా? అసలు నీకంటూ ఒక అభిప్రాయం ఉండదా నాన్నా?"

మేస్త్రి ఒక గుక్క తాగాడు.

"పంచదార ఎక్కువైంది," అన్నాడు.

కూతురు నెత్తి కొట్టుకుని లోపలికి పోయింది.

ఆ ఊళ్ళో సభ ఎవరు పెట్టినా స్టేజీ కట్టేది మేస్త్రే. పైన పరిచే గుడ్డ రంగు మారుతుంది, కింద పైపులు అవే, చెక్కలు అవే. ప్రసంగాలన్నీ స్టేజీ వెనకాల కూర్చుని విన్నాడు. ప్రాణాలైనా ఇస్తామని గొంతు చించుకున్నవాళ్ళు దిగేటప్పుడు మెట్టు మెట్టూ చూసుకుని దిగడం చూశాడు. ఒకప్పుడు అతనికీ ఒక జెండా ఉండేది. దాన్ని ఎవరూ లాక్కోలేదు. ఎక్కడో పెట్టి మరిచిపోయాడు, అంతే. ఇప్పుడు ఎవరైనా రాజకీయం ఎత్తితే కాళ్ళు లాగుతాయి, కూర్చోవాలనిపిస్తుంది.

అతనికి మిగిలిన పట్టుదల ఒక్కటే. స్టేజీ పూర్తయ్యాక దాన్ని కట్టిన ప్రతి మనిషీ పైకెక్కాలి. మధ్యలో నిలబడి అందరూ ఒక్కసారి గెంతాలి, తర్వాత మూలమూలా తొక్కి చూడాలి. అప్పుడే అప్పగించడం. పని నేర్పిన గురువు చెప్పిన మాట అది: నువ్వు ఎక్కని దాని మీదికి ఇంకొకణ్ణి ఎలా ఎక్కమంటావురా? మేస్త్రికి ఆ గురువు మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. మాట మాత్రం పోలేదు.

ఈ మధ్య ఊరంతా ఒకటే గొడవ. పాత మార్కెట్టు తీసేసి వెడల్పు రోడ్డు వేయాలని ఒక పక్షం, వద్దని ఒక పక్షం. రెండు పక్షాలూ మేస్త్రి పనిలోనే ఉన్నాయి. అల్లుడి తల్లికి ఆ మార్కెట్టులో దారాలు, బొత్తాలు అమ్మే కొట్టు ఉంది. అతను రోడ్డు వద్దనే సంఘంలో తిరుగుతాడు, కరపత్రాలు పంచుతాడు. రెండో పక్షం మేస్త్రి భార్య తమ్ముడు. నోటికి మూత ఉండదు కాబట్టి అందరూ అతన్ని రేడియో అంటారు. రోడ్డు కావాలనే వాళ్ళలో అతనిదే పెద్ద గొంతు. ఇవాళ సభ ఆ పక్షం వాళ్ళది.

మైదానంలో పని మొదలైంది. మేస్త్రి పైన చెక్కలు పరుస్తున్నాడు. కింద రేడియో, అల్లుడు పైపులకి క్లాంపులు బిగిస్తున్నారు. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. ఒకడు పైపు పట్టుకుంటాడు, ఇంకొకడు బోల్టు బిగిస్తాడు. బిగించినవాడు "పట్టిందా?" అని అడగాలి. పట్టుకున్నవాడు బలం కొద్దీ ఊపి చూసి "పట్టింది" అనాలి, వదులుంటే "ఇంకా" అనాలి. ఆ జవాబు వినకుండా రెండో బోల్టు జోలికి పోకూడదు.

"రోడ్డు పడితే ఊరు బాగుపడుతుంది అల్లుడూ. పట్టిందా?" అన్నాడు రేడియో.

"పట్టింది. ఊరంటే ఎవరు చిన్న మావయ్యా? కార్లా?"

"కార్లే కాదు. అంబులెన్సులు కూడా."

అల్లుడు చేతిలో పైపు సర్ది పట్టుకున్నాడు. పోయినేడు రేడియో భార్యకి పక్షవాతం కొట్టి ప్రాణం మీదికి వస్తే, అంబులెన్సు మార్కెట్టు సందులో బళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. మనిషి దక్కింది గానీ కుడిచెయ్యి పడిపోయింది.

"అత్తయ్యని ఆ సందులోంచి చేతుల మీద మోసింది నేనే కదా," అన్నాడు మెల్లగా.

"మరి మోసినవాడికే తెలియకపోతే ఇంకెవడికి తెలుస్తుందిరా? పట్టిందా?"

"ఇంకా. ఆ రోజు దారికి అడ్డం పెట్టింది బళ్ళవాళ్ళు. మా అమ్మ కొట్టు ఏం చేసిందండీ?"

"మీ అమ్మకి వేరే చోట కొట్టు ఇస్తామంటున్నారుగా. పట్టిందా?"

"పట్టింది. ఎక్కడ? ఊరి బయట. అక్కడ బొత్తాలు ఎవరు కొంటారు, మేకలా?"

"మేకలు కొనవు. ఊరికే తినేస్తాయి," అని రేడియో నవ్వాడు. అల్లుడికీ నవ్వొచ్చింది. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ రేడియో ఆగే రకమా?

"అయినా మీ సంఘంవాళ్ళు రోడ్డెక్కి అరవడం తప్ప ఒరగబెట్టిందేంటి?"

"మీరు మాత్రం? మీ పెద్దాయన చెప్పులు మోయడం తప్ప?"

స్పానరు ఠంగుమని నేల మీద పడింది. రేడియో మొహం ఎర్రబడింది. "ఎవడ్రా చెప్పులు మోసింది? నా పెళ్ళాం చెయ్యి పోయిందిరా! అందుకు తిరుగుతున్నా నేను!"

"నా తల్లి కడుపు కొడుతున్నారండీ! అందుకు తిరుగుతున్నా నేను కూడా!"

మేస్త్రి నిచ్చెన దిగి వచ్చాడు. పొద్దున కూతురు, ఇప్పుడు వీళ్ళు. ఒళ్ళంతా నీరసం వచ్చింది.

"చాలు," అన్నాడు. "పనయ్యేదాకా మీ ఇద్దరి నోట్లోంచి ఒక్క మాట వచ్చిందో, ఇంటికి పొండి. ఒక్క మాట."

ఇద్దరూ నోళ్ళు కట్టేసుకున్నారు. ఎడమొహం పెడమొహంగా పని చేసుకుపోయారు. పైపు పైపుని తాకిన చప్పుడు, గాలికి గుడ్డ కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేం లేదు. మేస్త్రికి ఎన్నాళ్ళ తర్వాతో చెవుల్లో గుబిలి తీసినంత హాయి అనిపించింది. ఇన్నేళ్ళూ ఈ పని ఎందుకు చేయలేదా అనుకున్నాడు. మధ్యాహ్నం అన్నం ముగ్గురూ మూడు చోట్ల కూర్చుని తిన్నారు. అది కూడా హాయిగానే ఉంది.

ఎండ తగ్గే వేళకి స్టేజీ పూర్తయింది. సభ ఏర్పాట్లు చూసే తెల్లచొక్కా యువకుడు చేతిలో ఫోనుతో వచ్చాడు.

"అయిందా మేస్త్రీ? జనం వచ్చేస్తున్నారు."

"తొక్కి చూసి ఇచ్చేస్తాం."

మేస్త్రి ఎక్కాడు. వెనకే రేడియో ఎక్కాడు. అల్లుడు మెట్ల దగ్గరే నిలబడిపోయాడు. మేస్త్రి అడగకుండా ఉండాలనే అనుకున్నాడు. ఏళ్ళ అలవాటు, నోరు జారింది.

"రా."

"నేను ఎక్కను మావయ్యా."

తెల్లచొక్కా అతని వైపు పరీక్షగా చూశాడు. "ఇతను మార్కెట్టు వాళ్ళ మనిషి కదూ? కరపత్రాలు పంచేవాడు? ఎందుకు ఎక్కనంటున్నాడు? ఏం చేసి పెట్టాడేంటి దీన్ని?"

అల్లుడి మెడ నరాలు బిగిశాయి. మేస్త్రి అతని కళ్ళలోకి చూశాడు. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఆ అనుమానం తనకీ వచ్చింది. వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఏం చేయాలో తోచక వెనక మూలకి నడిచి కాలు ఎత్తి తొక్కాడు. కాలి కింద చెక్క చిన్నగా ఊగింది. కింద ఎక్కడో ఇనుము టక్‌మంది. మేస్త్రి కాలు వెనక్కి తీశాడు.

"చూశారా! చెప్పానా లేదా?" తెల్లచొక్కా అప్పుడే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఆ వెనకమూల ఏదో చేశాడు. నేను పెద్దవాళ్ళకి చెప్తా, పోలీసులే తేలుస్తారు."

మేస్త్రికి గదీ, సంచీ, పిల్లా అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. ఈ పూట గడిచేసరికి అల్లుడు తన ఇంట్లోంచి పోవడం కాదు, ఇంకెక్కడికి పోతాడో.

రేడియో మోకాళ్ళ మీద కూర్చుని చెక్కల సందులోంచి తొంగి చూశాడు. తర్వాత మెల్లగా లేచాడు.

"ఫోను దించు బాబూ. ఆ బోల్టు బిగించింది నేను."

"మీరా? మీరు మన మనిషి కదండీ. మీరెందుకు..."

"మన మనిషినే. బిగించింది కూడా నేనే. సగం బిగించి పక్కదానికి పోయినట్టున్నా."

"పైపు పట్టుకున్నది నేను," కింద నుంచి అల్లుడు అన్నాడు. "ఊపి చూడలేదు."

"నేను అడిగితే కదా నువ్వు ఊపేది."

"అడక్కపోయినా చెప్పాల్సింది."

"ఎలా చెప్తావురా? ఒక్క మాట వచ్చినా ఇంటికి పొమ్మన్నాడుగా మీ మావయ్య!"

ఇద్దరూ మేస్త్రి వైపు తిరిగారు. మేస్త్రి ఉన్నచోటే చతికిలబడ్డాడు. మధ్యాహ్నం నుంచీ తనకి హాయిగా వినిపించిన ఆ నిశ్శబ్దం ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఒక్క "పట్టిందా" కూడా వినిపించలేదు. వినిపించలేదని తనకి తోచను కూడా లేదు.

"తప్పు నాది బాబూ," అన్నాడు తెల్లచొక్కాతో. "పోట్లాట ఆపండ్రా అంటే ఆ మాట కూడా ఆపేశారు."

తెల్లచొక్కాకి అర్థం కాలేదు. అయితే ఫోను మాత్రం దించాడు.

అల్లుడు సంచిలోంచి స్పానరు తీసుకుని స్టేజీ కిందికి దూరాడు. రేడియో పైనుంచి దిగి, నడుము పట్టుకుని మూలుగుతూ, అతని వెనకే దూరాడు.

"ఈసారి నువ్వు బిగించు, నేను పట్టుకుంటా."

"పట్టిందా?"

"ఇంకా."

"పట్టిందా చిన్న మావయ్యా?"

"ఇంకా. అన్నం తినలేదా ఏంటి? తిప్పు."

"పట్టిందా?"

"ఆఁ, పట్టింది."

వాళ్ళు అక్కడితో ఊరుకోలేదు. మాట్లాడకుండా బిగించిన బోల్టులన్నీ ఒకటి తర్వాత ఒకటి అడిగి, ఊపి, చెప్పుకున్నారు. తెల్లచొక్కా గడియారం చూసుకుంటూనే ఉన్నాడు. రేడియో బయటికి వచ్చి మళ్ళీ పైకెక్కాడు. అల్లుడు రాలేదు.

"అతను ఎక్కితేనే నేను ఒప్పుకుంటా," అన్నాడు తెల్లచొక్కా. "పద్ధతి మీదే కదా మేస్త్రీ. కట్టినవాళ్ళు ఎక్కాలని మీరే అంటారటగా."

మేస్త్రి తల దించుకున్నాడు. తన మాటే తన మెడకి చుట్టుకుంది. ఎక్కమంటే కూతురు పోతుంది. వద్దంటే అల్లుడి మీద పడ్డ మచ్చ పోదు.

కింద నుంచి గొంతు వచ్చింది. "నేను పైకి రాను మావయ్యా. ఇక్కడే ఉంటాను. మీరు గెంతండి. కూలితే నా నెత్తిమీదే కదా కూలేది."

"బయటికి రా బాబూ," అన్నాడు మేస్త్రి.

"రాను. గెంతండి."

మేస్త్రి చాలాసేపు ఆలోచించాడు. గురువు ఎక్కమన్నాడు. కింద నిలబడేవాడి గురించి ఏమీ చెప్పలేదు. ఆయనకి ఇలాంటి అల్లుడు లేడు కాబోలు. మేస్త్రి లేచి బట్టలు దులుపుకున్నాడు.

"ఏమంటావ్ బాబూ?" అని తెల్లచొక్కాని అడిగాడు. "సరిపోతుందా?"

తెల్లచొక్కా ఇంకోసారి గడియారం చూసుకున్నాడు. చివరికి తల ఊపాడు.

ముసలివాళ్ళిద్దరూ మధ్యకి వచ్చి గెంతారు. రేడియో మునివేళ్ళ మీద, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన నడిచినట్టు గెంతాడు.

"గట్టిగా చిన్న మావయ్యా! ఉపన్యాసాలప్పుడు ఉండే ఊపు ఏమైంది?"

"కింద నువ్వున్నావు కదరా వెధవా!"

"నేనున్నాననే గెంతమంటున్నా!"

గెంతారు. మేస్త్రి మోకాళ్ళు కలుక్కుమన్నాయి. చెక్కల సందుల్లోంచి దుమ్ము రాలింది. ఇనుము కిక్కురుమనలేదు. మూలలు కూడా తొక్కారు. అల్లుడు నెత్తి నిండా దుమ్ముతో, దగ్గుకుంటూ బయటికి వచ్చాడు. తెల్లచొక్కా ఎవరి మొహమూ చూడకుండా మైకులవాళ్ళ దగ్గరికి పోయాడు.

పొద్దు వాలుతుండగా సభ మొదలైంది. ముగ్గురూ స్టేజీ వెనక, సామాను తెచ్చిన బండి పక్కన కూర్చున్నారు. పైన ఎవరో ఊరి భవిష్యత్తు గురించి అరుస్తున్నారు. ఆ ఒక్కో మాటకీ అల్లుడు కింద నుంచి ఒక్కో జవాబు చెప్తున్నాడు. రేడియో ఉపన్యాసానికి చప్పట్లు ఒకసారి, అల్లుడికి తిట్లు ఒకసారి.

"రోడ్డు వెయ్యండి, కొట్లు ఉంచండి. ఎందుకు కుదరదండీ?"

"కుదురుతుందని మీ సంఘంవాళ్ళు ఎప్పుడైనా కాగితం మీద గీసి చూపించారా?"

"మీవాళ్ళు చూడ్డానికి వస్తే కదా!"

మేస్త్రికి తల బొప్పి కట్టింది. చాలు అనడానికి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు. బండికి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. చెవులు మూసుకునే వీలు దేవుడు ఇవ్వలేదు.

బండిలో ఇనప్పెట్టె మూత చప్పుడైంది. కళ్ళు తెరిచి చూశాడు. అల్లుడు గుడ్డసంచిని పెట్టెలో బోర్లిస్తున్నాడు. స్పానర్లు గలగలమంటూ పాత చోట్లో పడ్డాయి.

"గది సంగతి?" అన్నాడు మేస్త్రి.

"మీ అమ్మాయితో మాట్లాడతా మావయ్యా." అల్లుడు ఖాళీ సంచి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఎల్లుండి ఇక్కడే మా సభ. చిన్న మావయ్య ఎక్కుతారో లేదో చూద్దాం."

"నేనా?" రేడియో ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "మీ స్టేజీ నేనెక్కడమా? చచ్చినా ఎక్కను. నేను కూడా కిందే ఉంటా."

మేస్త్రి మోకాలు రుద్దుకుంటూ ఇద్దరినీ చూశాడు.

"అయితే పైన గెంతేది నేనొక్కణ్ణేనట్రా?" అన్నాడు.