పిలవని పేరు

పెళ్ళయిన ముప్పైయొక్క ఏళ్ళలో ఎలోయ్ తన భార్యను పక్క పట్నం గాలప్‌లో సంత దాటించిన పాపాన పోలేదు. అలాంటివాడు డిసెంబరు ఇరవై తొమ్మిదిన, ఇంటింటా మట్టి పొయ్యిల్లో పండగ రొట్టెలు కాలుతున్న వేళ, "పదవే క్రూసిటా, అలా ఎడారి చూసొద్దాం" అన్నాడు. పుట్టినప్పటినుంచీ ఎడారిలోనే ఉన్న మనిషికి కొత్తగా చూసేదేముంటుంది? అయినా క్రూసిటా ఎర్ర మిరప కూర డబ్బాకెత్తి, రెండు రొట్టెలు గుడ్డలో చుట్టి, ట్రక్కెక్కి కూర్చుంది.

ఎలోయ్ గుట్టు వేరే ఉంది. జనవరి ఒకటిన తమ ఊరు సాన్ హసింతోలో మగవాళ్ళంతా పెద్ద గదిలో చేరతారు. ముసలి పూజారి లేచి, ఆ ఏడాదికి ఊరి గవర్నరు ఎవరో పేరు పెట్టి పిలుస్తాడు. పోటీ లేదు, ఓటు లేదు, కాదనడం అసలే లేదు. ఇక ఏడాదిపాటు ఆ ఇంటి తలుపు మూయకూడదు. కాలువ నీళ్ళ తగాదా మొదలు తాగుబోతు కొడుకు దాకా అన్నీ ఆ గుమ్మంలోకే వస్తాయి. జీతం గీతం ఉండదు. ఎలోయ్ తండ్రి, పదవికి గుర్తుగా ఇచ్చే గవర్నరు కర్ర పట్టిన ఏడాది, మందలో గొర్రెలు సగమయ్యాయి. పదేళ్ళ ఎలోయ్‌కి ఆ ఏడంతా నాన్న ఉండీ లేనట్టే. ఆ భయం అతన్ని ఇప్పటికీ వదల్లేదు. బడి బస్సుల షెడ్డులో మెకానిక్ పని పోతుందన్నది పైకి చెప్పుకునే సాకు. "ఈసారి నువ్వే గురూ" అని షెడ్డులో ఎవరో ఆటపట్టించేసరికి ప్రయాణం కట్టాడు. గదిలో లేనివాణ్ణి మాత్రం పిలవరు.

ఎర్ర రాళ్ళ మీద మంచు పలచగా పట్టి ఉంది. రోడ్డు పొడుగూతా ఎలోయ్ కబుర్లే కబుర్లు.

"ఆ కొండ చూడవే, ఎంత బాగుందో."

"మనింటి వెనక కొండకి తోబుట్టువులా ఉంది" అంది క్రూసిటా.

మూడో రోజు హోపీ తెగవాళ్ళ ఊళ్ళో, క్రూసిటా పాత స్నేహితురాలు వెర్నా ఇంట్లో దిగారు. వెర్నా పూతరేకంత పలచటి నీలిమొక్కజొన్న రొట్టె పెట్టింది. జనవరి ఒకటి మధ్యాహ్నం ఆ రొట్టె తింటూ ఉండగానే క్రూసిటాకి మరదలు ఫోన్ చేసింది. విని, పెట్టేసింది.

"ఎవరట?" అన్నాడు ఎలోయ్.

"మా తమ్ముడు."

"ఫ్లోరెంటీనోనా? వాడికి మోకాలు వంగదు. కూర్చుంటే లేవడానికి ఇద్దరు కావాలి."

"లేచాడట."

ఎలోయ్‌కి గుండె మీద బండ దించినట్టయింది. కాఫీ తాగాడు. మళ్ళీ పోయించుకున్నాడు. వెర్నా గొర్రెలకు మేత వేయడానికి బయటికెళ్ళాక ఇంక ఆగలేకపోయాడు.

"నా పేరేమైనా వచ్చిందా?"

"లేదు."

"అంటే... ఊరికే, ఎవరైనా అనుకున్నారా అని."

క్రూసిటా బల్ల మీది రొట్టె పొడి చేత్తో ఊడ్చి దోసిట్లోకి తీసుకుంది. "ఎనిమిదేళ్ళుగా నీ పేరు ఎవరూ అనుకోవడం లేదయ్యా. ఒక ఏడు నడుం నొప్పన్నావు. ఒక ఏడు దగ్గన్నావు. ఒక ఏడు ఆల్బుకర్కీలో బస్సు ఆగిపోయిందన్నావు. పూజారికి చూపు మందగించింది గానీ బుద్ధి మందగించలేదు. 'అతన్ని వదిలెయ్యండర్రా, హాయిగా బతకనివ్వండి' అన్నాడట. తమ్ముడే చెప్పాడు."

"ఎనిమిదేళ్ళా? నాతో ఒక్క ముక్కయినా అనలేదేమే?"

"సిగ్గేసింది."

"మరి తెలిసీ ఎందుకొచ్చావు?"

"ముప్పైయొక్క ఏళ్ళకి మొగుడు ఊళ్ళు తిప్పుతానంటే వద్దంటానా?" అని నవ్వింది. ఆ నవ్వు ఎలోయ్ చూడలేకపోయాడు.

చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. భయపడ్డాడు, పారిపోయాడు, అదంతా నిజమే. కానీ వెనకాల తరిమేవాళ్ళే లేరని ఇన్నేళ్ళకు తెలిసింది. ఆ రోజంతా అతను కొండల ఊసెత్తలేదు.

మర్నాడు ఊరు చేరగానే ట్రక్కు తన ఇంటికి పోనివ్వలేదు. తిన్నగా బావమరిది గుమ్మంలో ఆపాడు. ఫ్లోరెంటీనో కాలు పీట మీద చాపుకుని కూర్చున్నాడు.

"రా బావా. ఎడారి ఎలా ఉంది?"

"ఉన్నచోటే ఉంది. గొడ్డలెక్కడరా?"

నాలుగు రోజుల్లో పదవులప్పగించే పండగ. కొత్త గవర్నరు ఇంటికి ఊరంతా భోజనానికొస్తుంది, కట్టెలు గుట్టలుగా కావాలి. ఎలోయ్ చొక్కా చేతులు మడిచి నరకడం మొదలుపెట్టాడు. ఒళ్ళంతా చెమటలు పట్టినా ఆపలేదు.

అప్పుడే ముసలి సెవేరో వచ్చాడు. కాలువ తెగి తోటలోకి నీళ్ళొస్తున్నాయని గొణుగుతున్నాడు. ఆ కాలువ ఎలోయ్ పొలం పక్కనుంచే పోతుంది. దాని లోటుపాట్లు అతనికి తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియవు.

"ఎక్కడ తెగింది పెద్దయ్యా? నాతో చెప్పు" అన్నాడు ఎలోయ్, గొడ్డలి దించి.

"నీకెందుకులే నాయనా ఈ తలనొప్పి" అన్నాడు ముసలాయన, మంచిగానే. "గవర్నరున్నాడా?"

"లోపలున్నాడు."

అని, ఎలోయ్ దారిలో పడి ఉన్న కట్టెలు పక్కకు తీసి ముసలాయనకు దారిచ్చాడు.