కల్లంలో సింహం

దేవదాసు మిరప కల్లంలో విమానం దిగిన వేళకు నేను భోజనం ముగించి పత్రికలో సంపాదకీయం చదువుతున్నాను. మా ఊరు నకరికల్లుకు దాపున ఉంది. మా పెరటి గోడకు ఆవలే అతని కల్లం. ఉన్నత పాఠశాలలో నేను దేవదాసుకు ఇంగ్లీషు చెప్పాను. అతడు నేర్చుకున్నాడని మాత్రం చెప్పలేను.

చప్పుడు విని నేను వెళ్ళేసరికి, రెండు సీట్ల తెల్లని శిక్షణ విమానం ఒకటి ఎర్రని కాయల నడుమ ముక్కు నేలకానించి, తోక పైకెత్తి నమస్కరిస్తున్నట్లు నిలిచి ఉంది. దానిని నడిపిన అమ్మాయికి ఒంటిమీద గీతైనా పడలేదు. చక్రాల కింద నలిగిన కాయల ఘాటుకు తుమ్ములు మాత్రం ఆగటం లేదు. దేవదాసు భార్య ఆరోగ్యమ్మ ఆమె చేతికి మజ్జిగ గ్లాసు ఇచ్చింది.

"ఏమే పిల్లా, దిగే ముందు ఒక కేక ఎయ్యరాదా? కాయల మీద పట్టా కప్పేవోళ్ళం గదా!"

"వేశానాంటీ... రేడియోలో!"

"మా ఇంట్లో రేడియో చెడిపోయి చానా ఏళ్ళయిందే."

ఆ అమ్మాయి పేరు నిఖత్. నరసరావుపేటలో మోటారు మెకానిక్ గులాం మొహిద్దీన్ కుమార్తె. ఒంటరిగా ఎగురుతుండగా ఇంజను ఆగిపోయిందట. పక్కనున్న బీడులో దిగిందట. పరుగు ఆగక విమానం కల్లంలోకి వచ్చిందట.

"రేపు విమానయాన శాఖ అధికారి వస్తారు సార్," అంది నాతో. "ముక్కు చక్రం విరిగింది కదా, దాన్నే ముందు నేలకు కొట్టానంటారు. అది పైలట్ తప్పు. ఇంక నన్ను ఎగరనివ్వరు. కానీ నేను వెనక చక్రాల మీదే దిగాను. అదిగో, ఆ పట్టా కుప్ప దగ్గరికి వచ్చాకే ఏదో ఠంగున తగిలింది."

నేను కల్లం చివరనున్న టార్పాలిన్ పట్టాను స్వయంగా ఎత్తి చూశాను. దాని కింద ఏమీ లేదు.

"బయంలో అట్టనే అనిపిస్తదిలే అమ్మా," అన్నాడు దేవదాసు, ఇంకొకటి వస్తుందేమోనన్నట్లు ఆకాశం వైపు చూస్తూ.

సాయంత్రం తండ్రి వచ్చి కూతురిని ఇంటికి తీసుకువెళ్ళాడు. మంచు పడకుండా భార్యాభర్తలు రోజూ కాయల మీద పట్టాలు కప్పుతారు. ఆ రోజు విమానాన్ని కదిలించకుండా, దాని చుట్టూ కప్పారు. అన్ని మూలలూ అణిగి ఉన్నాయి గాని, ఒక్క మూల మాత్రం గాలికి టపటపా కొట్టుకుంటోంది. ఆ మూలను కాచేది ఒక రాతి సింహం. పంజా విరిగిందని దుర్గిలో ఒక శిల్పి పక్కన పారవేస్తే, దేవదాసు తెచ్చుకున్నాడు. రాత్రి అది పట్టా మీద కూర్చుంటుంది. పగలు మడిచిన పట్టాను దాని వీపు మీదనే వేసి ఉంచుతారు.

"సింహమేదిరా?" అని అడిగాను.

"మేతకు పోయింది మాస్టారూ."

"సింహం మేతకు పోదు. వేటకు పోతుంది."

"అదే, యాటకే పోయింది."

"దొరికిన వేట ఆ పిల్లేనా?"

దేవదాసు నా చేయి పట్టుకున్నాడు. "కేసవుద్ది మాస్టారూ! ఇమానానికి రాయి అడ్డం పెట్టానంటారు."

"నీ కల్లంలో నీ రాయి ఉండటం నేరం కాదు. విమానం ఉండటమే వింత. రేపు అధికారి అడిగితే నేను ఉన్నది చెబుతాను."

"అడక్కపోతే?"

"అప్పుడూ చెబుతాను."

మరునాటి ఉదయం అధికారి వచ్చి, విరిగిన చక్రం వద్ద వంగి చాలాసేపు చూశారు. "ముక్కు ముందుగా ఆనించారు కదూ?"

"లేదు సార్," అంది నిఖత్. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేను గొంతు సవరించుకున్నాను. నా వాక్యం సిద్ధమయ్యేలోగా ఆరోగ్యమ్మ అందుకుంది.

"ఏందయ్యా, పిల్ల ఏడస్తా ఉంటే బెల్లం కొట్టిన రాయి మాదిరి నిలబడ్డావ్? నువ్వు తెస్తావా, నన్ను తెమ్మంటావా?"

దేవదాసు గడ్డివామిలో చేయి పెట్టి సింహాన్ని బయటకు లాగాడు. పసిపిల్లవాడిని ఎత్తుకున్నట్లు భుజాన వేసుకుని వచ్చి అధికారి ముందు దించాడు. దాని నుదుటి మీద నల్లని టైరు మరక, బొట్టు పెట్టినట్లుంది.

"కేసు రాస్తే దీని మీద రాయండి సార్. నేనప్పుడు అన్నం తింటా ఉండా."

అధికారి సింహాన్ని దాని స్థానంలో కూర్చోబెట్టించి, పట్టాలు తీయించారు. మంచు తగలని కాయల మీద చక్రాల జాడలు బీడు వైపు నుండి తిన్నగా వచ్చి, ముందు చక్రం జాడ సరిగ్గా సింహం వద్ద ఆగింది. ఆయన బీడులోకి నడిచి మొదటి గుర్తులు కూడా చూసి వచ్చారు.

"వెనక చక్రాల మీదే దిగావమ్మా. ఇది అడ్డం రాకపోతే చక్కగా ఆగేదానివి. అదే రాస్తాను," అని గట్టిగా తుమ్మారు. నిఖత్ కళ్ళు తుడుచుకుంది. కారణం కాయలేనని అందరమూ మర్యాదగా ఒప్పుకున్నాము.

సాక్ష్యం కింద సింహాన్ని జీపు ఎక్కించారు. "మరి మూల ఎగురుద్ది గదా సార్?" అని దేవదాసు జీపు వెంట నడిచాడు. ఆ సాయంత్రమే మొహిద్దీన్ ఒక పాత లారీ టైరు తెచ్చి ఆ మూలన పడవేశాడు.

కల్లం ఎత్తకముందే ఒకనాడు తెల్లని విమానం మళ్ళీ మా ఊరి మీదుగా వెళ్ళింది. ఆరోగ్యమ్మ నుదుట చేయి అడ్డం పెట్టుకుని, "ఒసే నిఖతూ, కాయ ఇంకా గోతాలకెత్తలేదే! పోవే, పో!" అని కేక పెట్టింది.

దేవదాసు మాత్రం ఈసారి ఏదీ అడ్డం ఉండకూడదని టైరును దొర్లించుకుంటూ వచ్చి మా గోడ పక్కకు చేర్చాడు.