పపువాలో రెండేళ్ళున్న శాంతరాజు

"నేనున్నానండీ అక్కడ," అన్నాడు శాంతరాజు. "పపువా కొండల్లో. రెండేళ్ళు."

అబద్ధం అంత తేలిగ్గా బయటికొస్తుందని అతనే అనుకోలేదు. అతని జీవితంలో తూర్పువైపు చూసిన ఆఖరి ఊరు ఇచ్ఛాపురం. అది కూడా పెళ్ళికి వెళ్ళి, భోంచేసి, వెనక్కొచ్చేశాడు.

ఫిల్మ్‌నగర్‌లో నిర్మాత బసవపున్నయ్య ఆఫీసు మేడమీద కథాచర్చలు జరుగుతున్నాయి. ఫస్టాఫ్ కుదిరింది. సెకండాఫ్ మాత్రం నెలరోజులుగా మొండికేసి కూర్చుంది. ఇంటర్వెల్ ముందు హీరో ఎక్కడికో వెళ్ళాలి. ఎక్కడికి? దర్శకుడు నాగసాయికి ఎవడూ చూడని చోటు కావాలి. అడవులన్నీ అయిపోయాయి, ఎడారులన్నీ అయిపోయాయి, మంచుకొండలైతే పాటలకే అరిగిపోయాయి. అప్పుడు శాంతరాజు తూర్పు సముద్రాల్లో ఉన్న దీవి పపువా పేరు చెప్పాడు. ఆ పేరు వినగానే నాగసాయి సోఫాలోంచి లేచి నిలబడ్డాడు.

"నువ్వెప్పుడెళ్ళావయ్యా?" బసవపున్నయ్య కళ్ళజోడు నుదుటిమీదికి తోశాడు.

"సినిమాల్లోకి రాకముందండీ. చర్చి మిషన్ వాళ్ళ తరఫున. ఒరొంబి అని చిన్న గూడెం. రోడ్డుండదు. చిన్న విమానంలో దిగాల్సిందే."

"అయితే ఈసారి కథ అని నీ పేరే వేద్దాం. 'రచయిత స్వానుభవం' అని పోస్టర్ మీద కొట్టిద్దాం. ప్రెస్‌మీట్‌లో నా పక్కన కూర్చుందువుగాని."

 పదిహేనేళ్ళుగా శాంతరాజు రాసిన సినిమాలకి పైన వేరేవాళ్ళ పేర్లు పడ్డాయి. అతని పేరు పడిందల్లా చివర్లో, 'కృతజ్ఞతలు' కింద, జనరేటర్ అద్దెకిచ్చిన ఆయనకీ గుర్రాలాయనకీ మధ్యలో. అది కూడా జనం చెప్పులు వెతుక్కునే టైములో. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తెర మీద 'కథ' అని పడి కింద తన పేరుండాలి. దానికోసం పపువా ఏం ఖర్మ, చంద్రమండలంలో కాపురం చేశానని కూడా చెప్పేవాడు.

ఆ ఊపులో గూడెం చుట్టూ పుర్రెల కంచె కట్టించాడు. మనుషుల్ని తినేవాళ్ళని పెట్టాడు. హీరోని స్తంభానికి కట్టేసి, కింద మంట పెట్టి, పక్కన డప్పు కొట్టించి, ఇంటర్వెల్ అన్నాడు. నాగసాయి కౌగలించుకున్నాడు.

రెండురోజుల తర్వాత నాగసాయి నుంచి ఫోనొచ్చింది.

"రాజుగారూ, శనివారం మన హీరో రణధీర్‌బాబు ఇంట్లో కథ నెరేషన్. ఇంకో గుడ్ న్యూస్. ఆ పపువా నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే స్టూడెంట్స్ గ్రూపుంటే, మీ ఒరొంబి పేరు అందులో పెట్టించాను. యూసుఫ్‌గూడలో ఉండే ఒకబ్బాయి అది మా పక్క కొండేనన్నాడు. ఫార్మసీ చదువుతున్నాడట. నెరేషన్‌కి వస్తాడు. అథెంటిసిటీకి."

శాంతరాజు ఫోన్ పెట్టేసి గోడకి చేరగిలబడ్డాడు. ఊరికి ఏదో ఒక ఉత్తుత్తి పేరు చెప్పి ఉండాల్సింది. అసలు పేరే చెప్పాడు. పేరు బాగుందని.

ఆ పేరు అతనికి ఎక్కడిదంటే, భార్య సారా అక్కయ్య ఫెబా దగ్గరిది. ఒరొంబిలో నర్సుగా నిజంగా ఉండొచ్చింది ఆవిడ. ఆదివారం ప్రార్థన అయ్యాక అందరూ మోతీనగర్‌లో ఆవిడ ఇంట్లోనే భోజనాలు చేస్తారు. కోడికూర కంచంలోకి రాకముందే పపువా వచ్చేస్తుంది. అందరూ వినీ వినీ విసుగెత్తి ఉన్నారు. శాంతరాజు మాత్రం వింటూ దాచుకున్నాడు.

వెంటనే మోతీనగర్ పరిగెత్తాడు. ఫెబా వాకిట్లో కుర్చీ వేసుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. విషయం విని చేతిలో కాయ పక్కన పెట్టి కడుపారా నవ్వింది.

"నువ్వా మరిదీ, ఒరొంబిలో? మెట్రో ఎక్కమంటే లిఫ్టెక్కడా అని వెతుక్కుంటావు. అక్కడ గొంతుదాకా బురదలో రోజంతా నడవాలి నాయనా."

"వదినా, నవ్వడం తర్వాత. అక్కడ ఉన్నవాడికి మాత్రమే తెలిసేవి ఏంటో చెప్పండి."

"పుర్రెల కంచె ఎక్కడిది నీకు?"

"అది సినిమా వదినా."

"ఎవరు ఎవర్ని తింటారు? పొద్దున్న చిలగడదుంప, మధ్యాహ్నం చిలగడదుంప, సాయంత్రం మార్పు కావాలంటే కాల్చిన చిలగడదుంప. పందిని కోసేది పెళ్ళికో, తగువు తీరినందుకో. దాన్ని కూడా గొయ్యి తవ్వి, రాళ్ళు ఎర్రగా కాల్చి, ఆకుల్లో చుట్టి, ఊరంతా కూర్చుని పంచుకుంటారు. నేను వెళ్ళిన కొత్తలో వాళ్ళే నన్ను అడిగారు తెలుసా? 'మీ దేశంలో చచ్చిపోయినవాళ్ళని కాలుస్తారట కదా, తర్వాత తింటారా' అని. అది కూడా భయంభయంగా, నా పళ్ళకేసి చూస్తూ."

శాంతరాజు నవ్వబోయి మానేశాడు. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. చలి గురించి చెప్పింది. గుండ్రటి గుడిసెల్లో మధ్యలో మంట, పొగ పోయేందుకు కిటికీ ఉండదు. అందుకే గూడెమంతా దగ్గే. ఆవిడ ఇచ్చిన మందుల్లో సగం దగ్గుకే. ఆడవాళ్ళు నుదుటికి తగిలించుకునే దారపు సంచుల్లో ఒక దాంట్లో దుంపలు, ఒక దాంట్లో కట్టెలు, పైదాంట్లో పసిబిడ్డ. మగవాళ్ళు ముందు నడుస్తారు, గొడ్డలి మాత్రం పట్టుకుని, మహా బరువు మోస్తున్నట్టు. ఉప్పూ సబ్బూ విమానంలో రావాలి. విమానం పొద్దున్నే రావాలి. మధ్యాహ్నమైతే మబ్బు దిగుతుంది. మబ్బు దిగితే ఎవరికే రోగమొచ్చినా రేపే. రేపు కూడా మబ్బుంటే ఎల్లుండి. స్కూలుంది గాని, మాస్టారు జీతం తీసుకోవడానికని టౌనుకి వెళ్ళి ఏడాదైంది, తిరిగి రాలేదు.

"ఆ చివరిది మన దగ్గర కూడా ఉందిలే," అంది ఫెబా.

"అక్కడికి వెళ్ళిన ప్రతివాడికీ తప్పకుండా తెలిసేది ఏదైనా ఒకటి చెప్పండి వదినా. ఒక్కటి."

ఆవిడ ఆలోచించింది. "తూకం. విమానం ఎక్కే ముందు మూటలతో పాటు మనుషుల్నీ కాటా మీద నిలబెడతారు. విమాన కంపెనీ ఏజెంటు అంకె గట్టిగా అరుస్తాడు. ఊరంతా వింటుంది. బరువెక్కువైతే ఎవరో ఒకరు దిగాలి. అంతే, పెద్దా చిన్నా లేదు. ఒకసారి నేనూ దిగాను."

"ఎందుకు?"

"ఏడాది తర్వాత సెలవు మీద ఇంటికి బయల్దేరాను. ఎక్కి కూర్చున్నాక కాన్పు అడ్డం తిరిగిన పిల్లని కర్రలకి కట్టి మోసుకొచ్చారు, రెండు కొండలవతల నుంచి. పైలట్ మబ్బుకేసి చూస్తున్నాడు. నేను దిగిపోయాను. ఇంకేం చేస్తాం?" మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

"మీ బరువెంత వదినా అప్పుడు?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎనభై ఒకటి. బయట అన్నావంటే ఆదివారం నీ కంచంలో చిలగడదుంపే."

శనివారం జూబ్లీహిల్స్‌లో రణధీర్‌బాబు ఇంటి హోమ్ థియేటర్‌లో అందరూ చేరారు. రణధీర్‌బాబు జిమ్ నుంచి వచ్చి గుడ్డు తెల్లసొనలు తింటున్నాడు. ఆయన పక్కన బసవపున్నయ్య, ఆ పక్కన నాగసాయి. చివర్లో పొట్టిగా, గట్టిగా, దట్టమైన ఉంగరాల జుట్టుతో ఒక కుర్రాడు. పేరు జోనా.

"నమస్తే అన్నా," అన్నాడు జోనా. "మా దిక్కు ఉన్నవంట కదా. మస్తు ఖుషీ అనిపించింది."

 ఈ మనిషి ఇంగ్లీషులో అడిగితే అర్థం కానట్టు తప్పించుకోవచ్చనుకున్నాడు శాంతరాజు. ఇతగాడు యూసుఫ్‌గూడ తెలుగు శాంతరాజు కంటే బాగా మాట్లాడుతున్నాడు.

"నువ్వు తెలుగు ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" బసవపున్నయ్య ముచ్చటపడ్డాడు.

"కిరాయికి ఇల్లు దొరకాలె గద సార్."

నెరేషన్ మొదలైంది. శాంతరాజు మంచి నెరేటర్. రీరికార్డింగ్ అంతా నోటితోనే ఇస్తాడు. ఫస్టాఫ్‌కి రణధీర్‌బాబు రెండుసార్లు నవ్వాడు. ఇక గూడెం వచ్చింది. పుర్రెల కంచె నాలుక చివరిదాకా వచ్చింది. జోనా మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, సొంత ఊరి వార్త వినబోతున్నవాడిలా ముందుకి వంగాడు. శాంతరాజు పుర్రెలు మింగేశాడు.

పొగ నిండిన గుడిసెలు చెప్పాడు. దారపు సంచిలో దుంపల మీద నిద్రపోయే పసిబిడ్డని చెప్పాడు. పారిపోయిన మాస్టారిని చెబితే రణధీర్‌బాబు పగలబడి నవ్వాడు. కర్రలకి కట్టిన నిండు గర్భిణిని, జారే వాగు రాళ్ళ మీద మోసేవాళ్ళ కాళ్ళని, పైనుంచి దిగుతున్న మబ్బుని చెప్పాడు. నోటితో విమానం ఇంజను మోగించాడు. కాటా చెప్పాడు, అంకె అరిచే ఏజెంటుని చెప్పాడు. "బరువెక్కువైంది సార్. ఎవరో ఒకరు దిగాలి. మీరు ఆమెకేసి చూశారు. మబ్బుకేసి చూశారు. బెల్టు విప్పారు. దిగిపోయారు. విమానం వెళ్ళిపోయింది. మీరొక్కరే ఆ గడ్డిలో. ఇంటర్వెల్."



"నేను దిగుతానా?" అన్నాడు రణధీర్‌బాబు. "హీరోని నేను. విమానాన్ని ఆపుతాను గానీ దిగడమేంటి?"

"మంట ఏదయ్యా?" బసవపున్నయ్య గొంతు తగ్గించాడు. "స్తంభానికి కట్టేశావు కదా మొన్న. డప్పులేవి?"

"జర ఒక్క మాట అడగాలె," అన్నాడు జోనా. "అన్నా, నువ్వు గూడ తూకం ఎక్కినవా?"

శాంతరాజు ఈ ప్రశ్న కోసమే సిద్ధపడి వచ్చాడు. అసలు బరువు తొంభై నాలుగు. అది నలుగురిలో చెప్పేది కాదు. నోటికి తయారుగా ఉన్న అంకె ఒక్కటే. ఛాతీ విరుచుకున్నాడు.

"ఎక్కకుండా ఎలా తమ్ముడూ? ఎనభై ఒకటి. ఊరంతా విన్నారు."

జోనా నవ్వడం మొదలుపెట్టాడు. ముందు భుజాలు కదిలాయి, తర్వాత కుర్చీ కదిలింది. కళ్ళ నీళ్ళు తుడుచుకుని బసవపున్నయ్య వైపు తిరిగాడు.

"సార్, మా దిక్కు ఎనభై ఒకటి అంటే ఒక మనిషి పేరు. సిస్టరమ్మను తూకమేసిన దినం ఏజెంటు గట్టిగ ఒర్లిండు. గంత బరువు మా కొండల ఎవ్వలకు లేదు, పిల్లలం అందరం ఖుషీ అయినం. అప్పటిసంది 'ఎనభై ఒకటి మామా' అనే పిలిచేటోళ్ళం, మా దిక్కు మామా అంటే అమ్మ. మా లోయకు ఇండియా నుంచి వచ్చింది ఆమె ఒక్కతే. ఇంకెవ్వలు రాలె. విమానం దిగింది గూడ ఆమెనే. ఎక్కింది మా మేనత్త."

మారుపేరు సంగతి ఫెబా ఏ ఆదివారమూ చెప్పలేదు మరి. ఎవరు మాత్రం చెప్పుకుంటారు?

బసవపున్నయ్య కళ్ళజోడు నుదుటి నుంచి ముక్కు మీదికి దిగింది. "ఏమయ్యా. నువ్వెళ్ళలేదా?"

"మా వదిన వెళ్ళారండీ," అన్నాడు శాంతరాజు. ఇంకేం చెప్పినా ఇంతకంటే అధ్వానంగా ఉంటుందనిపించింది.

నాగసాయి తిట్టబోయాడు. బసవపున్నయ్య చెయ్యెత్తి ఆపాడు. ముప్ఫై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్న మనిషి, నష్టంలో కూడా పోస్టర్ వెతుకుతాడు. "మంచిదే కదయ్యా. నర్సమ్మ స్వానుభవం. ఇంకా బాగుంటుంది. టైటిల్ కార్డు ఆవిడకేద్దాం. ఫోన్ కలుపు."

పదిహేనేళ్ళ కల కళ్ళముందే చేతులు మారుతుంటే, ఆ నంబరు తనే నొక్కాల్సి వచ్చింది శాంతరాజుకి. స్పీకర్ పెట్టాడు.

"అమ్మా, నమస్కారమండీ. బసవపున్నయ్యని, ప్రొడ్యూసర్ని. మీ కథ మీ మరిదిగారు చెప్పారు. అద్భుతంగా ఉంది. తెర మీద మీ పేరు వేస్తున్నాం. కథ: సిస్టర్ ఫెబా."

అవతల కుక్కర్ కూసింది. తర్వాత ఫెబా గొంతు వచ్చింది.

"వందనాలండీ అయ్యగారూ. పేరు మాత్రం వద్దండీ. మా సంఘంలో స్త్రీల కూడిక నేనే నడిపిస్తాను. సినిమాలకి పోవద్దని పిల్లలకి చెప్పే నోరిది. రేపు మోతీనగర్ గోడ మీద నా పేరూ, దాని పక్కనే ఎవరో అమ్మాయి నడుమూ కనిపిస్తే, నేను ఏ మొహం పెట్టుకుని వాక్యం చెప్పాలి? పాస్టరుగారి భార్య ఆ పోస్టర్ ఫోటో తీసి అందరికీ పంపుతుంది. ఆవిడ సంగతి మీకు తెలీదు."

"మరి కథ అని ఎవరి పేరు వెయ్యమంటారమ్మా?"

"మా మరిది పేరే వేసుకోండి. అతను ఎలాగూ చెడిపోయాడు. అతని కోసం మేం ఎప్పట్నుంచో ప్రార్థన చేస్తూనే ఉన్నాం, ఇంకొంచెం ఎక్కువ చేస్తాం. పుర్రెలు గిర్రెలు పెడితే మాత్రం ఒప్పుకోనండీ. వాళ్ళు నాకు అన్నం పెట్టినవాళ్ళు."

జోనా ఫోన్ దగ్గరికి జరిగి ఏదో భాషలో ఒక్క మాటన్నాడు.  అవతల ఫెబా అదే భాషలో అరిచింది. ఇద్దరూ ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డుపడి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, నవ్వుతూ, మధ్యమధ్యలో ముక్కు చీదుతూ. గదిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. రణధీర్‌బాబుని తన ఇంట్లోనే ఇంతసేపు ఊరికే కూర్చోబెట్టినవాళ్ళు అంతకుముందు లేరు.

"ఏంటంటోంది?" బసవపున్నయ్య ఆగలేకపోయాడు.

"మా మేనత్త బిడ్డ గురించి అడుగుతున్నది సార్. మంచిగున్నదని చెప్పిన. దుంపలు తినుడు బంద్ చేసి నూడుల్స్ మీద పడ్డదని చెప్తే తిడుతున్నది."

బసవపున్నయ్య సోఫాలో వెనక్కి వాలి శాంతరాజుని ఎగాదిగా చూశాడు. "సరే. కథ: శాంతరాజు. స్వానుభవం అని మాత్రం చచ్చినా వెయ్యను. పుర్రెలు తీసెయ్. ఆ మంట కూడా."

"అయితే నేను దిగాల్సిందేనా?" రణధీర్‌బాబు ఇంకా అక్కడే ఉన్నాడు. "విమానం రెక్క పట్టుకుని వెళ్ళచ్చు కదా?"

ఈ పదిహేనేళ్ళలో ఏ హీరో ఏం అడిగినా శాంతరాజు నోటి నుంచి వచ్చింది 'పెట్టేద్దాం సార్' అన్న మాటే. ఇప్పుడూ అలవాటుగా 'పె' దాకా వచ్చింది. తన పేరు కింద రెక్క పట్టుకుని వేలాడుతున్న హీరోని ఒక్కసారి ఊహించుకున్నాడు.

"లేదు సార్," అన్నాడు. "దిగాల్సిందే. రెక్కకి కూడా తూకం ఉంటుంది."

రణధీర్‌బాబు గుడ్డు తెల్లసొన గిన్నె పక్కన పెట్టాడు. 

"స్లో మోషన్‌లో దిగొచ్చా?"

"ఎంత స్లోగా కావాలంటే అంత సార్," అన్నాడు శాంతరాజు. "మబ్బు దిగేలోపల."