బిసబుయేలా సంతకం

"మీ ఇష్టం లేకుండా మిమ్మల్ని ఇక్కణ్ణించి ఎవరూ కదిలించరు." కౌన్సిల్ వాళ్ళు 2004లో రాసిచ్చిన ఆ ఉత్తరం పిలార్ మంచం పక్క గోడకి ఇంకా అంటించే ఉంది. ఇప్పుడు ఎడిన్‌బర్గ్‌లోని ఆ కేర్ హోమ్‌నే మూసేస్తున్నారు. నవంబరు ఒకటిన ఆవిణ్ణి నూరు మైళ్ళ అవతలికి పంపుతారట.

స్పెయిన్‌లో యుద్ధమప్పుడు, ఎనిమిదేళ్ళ పిల్లగా, "మూడు నెలలే" అని చెప్పి బ్రిటన్ ఓడెక్కించారు పిలార్‌ని. పెళ్ళి లేదు, పిల్లల్లేరు. చుట్టాలకు మాత్రం కొదవ లేదు. ఆవిడ స్పానిష్‌లో "అబుయేలా" అని పిలిస్తే చాలు, అమ్మమ్మ వచ్చి పక్కన కూర్చునేది. "తతరబుయేలో" అని పిలిస్తే తాతకి తాత గొడుగు దులుపుకుంటూ వచ్చేవాడు. హోమ్‌లో చూసుకునే కేరర్లు వాళ్ళకి టీ ఇచ్చి, విజిటర్స్ బుక్‌లో సంతకం పెట్టించుకునేవాళ్ళు. సాయంత్రం మేనేజరు ఆ పేజీ కింద సంతకం చేసేది.

మతిమరుపు ముదిరి మాటలు ఒక్కొక్కటే పోయాయి. మాట పోయాక ఆ మనిషీ రావడం మానేసేవారు. మిగిలింది ఒక్క బిసబుయేలా, అమ్మమ్మ వాళ్ళమ్మ.

అక్కడి కేరర్ ఫ్రెడీ పిలార్‌ని అమ్మమ్మా అనేవాడు. ఆ అలవాటులోనే, అభ్యంతరం ఫారంలో "మీరేమవుతారు" అన్నచోట మనవణ్ణని రాసేశాడు. మీరు బంధువు కారు, మీకు జవాబు చెప్పనక్కర్లేదని కౌన్సిల్ తిప్పికొట్టింది.

"రాసేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవద్దూ," అంది అదే షిఫ్టులో ఉన్న వాళ్ళమ్మ రోజమ్మ.

"మనుషుల్ని సరుకులా తోలుతుంటే ఊరుకోవడమూ నేరమేనమ్మా."

"ఉపన్యాసం తర్వాత. ముందావిడ గడ్డం తుడువు."

పిలార్ పెదవులు కదిలాయి. "బి... బిస..." ఫ్రెడీ వంగి చెవొగ్గాడు. మాట అందిస్తే పనికిరాదు, ఆవిడే అనాలి. పావుగంటకి అంది.

నల్ల శాలువా ముసలావిడ వచ్చి పిలార్ తల నిమిరింది. రోజమ్మ టీ, పుస్తకం ముందు పెట్టింది. ముసలావిడ సంతకం చేసి, ఫ్రెడీని పరకాయించి చూసి, వేళ్ళు మడవసాగింది. కూతురు, మనవరాలు, మూడో వేలు పిలార్. నాలుగో వేలు, పిలార్‌కి పుట్టని బిడ్డది, కాసేపు ఆగి రోజమ్మ వైపు తిరిగి మడుచుకుంది. చిటికెన వేలు ఫ్రెడీది. కింద గీతలో రాసింది: ఫ్రెడీ, చోజ్నో. అంటే ఐదో తరం బిడ్డ.

"నన్నూ కలిపేసుకుందిరా," అంది రోజమ్మ, కళ్ళు తుడుచుకుని.

సాయంత్రం మేనేజరు ఎప్పట్లాగే సంతకం చేసింది. మర్నాటికి పిలార్‌కి ఆ మాటా పోయింది.

ఫ్రెడీ ఆ పేజీ జిరాక్సు, తను రాసిన ఉత్తరం పట్టుకుని కౌన్సిల్‌కి వెళ్ళాడు. కౌంటరులో ఆమె చదివి బంధువుల ఫైల్లో పెట్టి ముద్ర కొట్టింది. ఫ్రెడీ ఉత్తరం చివర ఇలా ఉంది:

"మీ హోమ్ పుస్తకమే సాక్ష్యం. మా అమ్మమ్మని ఎక్కడికీ పంపబోమని రాసివ్వండి. 2007 అక్టోబరు 26, శుక్రవారం సాయంత్రం ఐదు గంటల్లోగా."