చివరి పడవకి గంట ముందు

రేవులో వ్యాన్లు నడిపేవాళ్ళంతా ఆమెని గంటక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. విహారయాత్రల ఓడ దిగి సొంతంగా ఊరు చూడాలనుకునేవాళ్ళని తన వ్యాన్‌లో తిప్పి, చివరి పడవకి సరిగ్గా గంట ముందు తెచ్చి రేవు మెట్ల దగ్గర దింపేస్తుంది. మిగతా డ్రైవర్లు అలా కాదు. ఐదు నిమిషాలుందనగా తెచ్చి, ముసలీ ముతకా అందరి చేతా పరుగులు పెట్టిస్తారు.

ఆ రేవులో లోతు తక్కువ. పెద్ద ఓడ గట్టుదాకా రాలేదు, దూరంగా లంగరేసి నిలబడుతుంది. దాని పక్కన వేలాడే చిన్న పడవల్ని నీళ్ళలోకి దించి, జనాన్ని విడతలవారీగా ఒడ్డుకి చేరేస్తారు. ఓడ ఎనిమిదింటికి వస్తుందని కాగితంలో చూసి, ఎనిమిదిన్నరకల్లా ఊళ్ళో ఉంటాననుకునేవాడంత అమాయకుడు మరొకడుండడు. ఓడవాళ్ళ దగ్గర టూరు కొన్నవాళ్ళు ముందు దిగుతారు. సొంతంగా తిరిగేవాళ్ళు నంబరు చీటీ పట్టుకుని కూర్చోవాలి. వాళ్ళ వంతొచ్చేసరికి పదవుతుంది. అందుకే గంటక్క "మీ కాలు గట్టు మీద పడ్డాకే నా గడియారం మొదలవుతుంది" అని తన టూరు కాగితం మీద ముందే అచ్చేయించింది.

చివర్లో ఆ గంట ఎందుకంటే జాగ్రత్తకని చెబుతుంది. అది సగమే నిజం. మిగతా సగం, ఆ ఓడ పడవల్లో నాలుగో నంబరుది నడిపేది ఆమె మొగుడే.

ఓడ గట్టుకి కట్టేసే ఊళ్ళలో అతనికి పూటంతా సెలవు. ఎవరివో వీధులు, ఎవరివో పిల్లలు, చూసి వస్తాడు. సొంత ఊరొచ్చిన రోజు మాత్రం పడవలవాళ్ళకి ఊపిరి సలపదు. పడవ వదిలి గట్టెక్కకూడదని రూలు. పొద్దున జనాన్ని దింపేటప్పుడు వెనక ఇంకో పడవ కాచుకుని ఉంటుంది కాబట్టి అర నిమిషం కూడా ఆగడు. సాయంత్రం మూడున్నరకి నాలుగో నంబరు ఆఖరి ట్రిప్పుకొచ్చి, నిండేదాకా మెట్ల దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత దాన్ని ఓడ మీదకి ఎత్తేస్తారు. నాలుగున్నరకి వెళ్ళే చివరి పడవ వేరే అతనిది. ఆ ఐదారు నిమిషాల్లోనే మొగుడూ పెళ్ళాల కాపురమంతా.

ఈసారి ఆ నిమిషాల్లో పెద్ద పనే ఉంది. పాపకి ఐదో నెల వచ్చింది, తండ్రి ఇంతవరకూ ముట్టుకోలేదు. అతను వెళ్ళాక ఓడ మొదటిసారి వచ్చినప్పుడు పాప ఇంకా కడుపులో ఉంది. రెండోసారి, మూడు వారాల కింద, సముద్రం ఎగిరెగిరి పడుతోందని పడవలే దించలేదు. పిల్లని ఎత్తుకుని గట్టు మీద నిలబడి చూస్తుండగానే ఓడ వచ్చినదారినే వెళ్ళిపోయింది. ఇవాళ మూడోసారి, ఇదే ఆఖరు. ఇక్కణ్ణించి భూమికి అటువైపు వెళ్తుంది. మళ్ళీ ఏడు నెలలకి గానీ అతను రాడు. అప్పటికి పిల్ల నడిచేస్తుంది.

ఫోన్ చేసినప్పుడల్లా అతనిదొకటే ప్రశ్న. "పాదం ఎంతైంది?"

"నీ బొటనవేలంత" అంటుంది ఆమె. నవ్వుకుంటారు. ఫోన్ పెట్టేశాక ఆమె ఆ పాదాన్ని గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోతుంది.

మెట్ల పైన అడ్డంగా గొలుసుంది. అది దాటాలంటే మెడలో బిళ్ళ ఉండాలి. సాయంత్రం తమ మనుషుల్ని పడవెక్కించే గైడ్లకే ఆ బిళ్ళ. అత్తగారికి లేదు. ఆవిడ పాపని ఎత్తుకుని గొలుసుకివతల షెడ్డులో కూర్చుంటుంది, కోడలొచ్చి పిల్లని కిందికి తీసుకెళ్ళాలి. పొద్దున పడవలోంచి అతను మూడు వేళ్ళు చూపించి, ఇంకో వేలు సగం మడిచి చూపించాడు. మూడున్నరేనా అని. ఆమె తలూపింది.

ఇవాళ వ్యాన్‌లో ఆరుగురు. అందులో ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒకరు, చేతిలో విరిగిన నల్ల గొడుగు. ఆఖరి మజిలీ పాత బజారు. ఇరవై నిమిషాలు తిరిగి మూడూ పదికల్లా వ్యాన్ దగ్గరికి రమ్మని చెప్పింది. ఐదుగురొచ్చారు. పెద్దావిడ రాలేదు.

గంటక్క కాలు కాలిన పిల్లిలా బజారంతా తిరిగింది. గాజుల కొట్టు, బట్టల కొట్టు, చెప్పుల కొట్టు, ఎక్కడా లేదు. చివరికి సందులో గొడుగులు బాగుచేసే కొట్టులో తీరిగ్గా స్టూలు మీద కూర్చుని కనబడింది. గొడుగు ఊచలన్నీ ఊడదీసి బల్ల మీద పరిచున్నాయి.

"అమ్మగారూ, టైమైపోయింది! లేవండి!"

"ఇంకా గంటుందిగా అమ్మాయ్. పొద్దున నువ్వే చెప్పావు, చివరి పడవకి గంట ముందే చేరుస్తానని. ఆ గంటలో ఇది అయిపోతుందనుకున్నాను."

తను చెప్పిన మాటే. ఆ గంట ఖాళీది కాదు, అందులో నా మొగుడున్నాడు అని చెప్పలేదు కదా.

"మావారి గొడుగిది" అంది పెద్దావిడ. "మా దగ్గర బాగుచేసేవాళ్ళు లేరు. కొత్తది కొనుక్కోమంటారు అందరూ."

కొట్టతను తలెత్తకుండానే "అరగంట" అన్నాడు.

ఐదుగుర్ని తీసుకెళ్ళిపోయి, ఈవిణ్ణి టాక్సీ ఎక్కించి పంపమని కొట్టతనికి చెబితే? ఆ ఆలోచన వచ్చింది, వచ్చి కాసేపు కూర్చుంది కూడా. టాక్సీ దొరక్కపోతే? ఈవిడ దారి తప్పితే? ఓడ ఎవరికోసమూ ఆగదు. తీసుకొచ్చిన మనిషిని తనే తీసుకెళ్ళాలి. గంటక్క గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఏడుపు గొంతుదాకా వచ్చింది, మింగేసింది.

మూడూ యాభైకి బయల్దేరారు. వెనక ఐదుగురూ సణుగుతున్నారు. పెద్దావిడ ముందు సీట్లో గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలతిప్పి చూసి అడిగింది. "పడవ అందుతుందిగా, ఎందుకేడుస్తున్నావు?"

మింగిందనుకున్న ఏడుపు చెంపల మీద ఉందని గంటక్కకి అప్పుడు తెలిసింది. స్టీరింగ్ వదలకుండా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, ఉన్నదంతా చెప్పేసింది. నాలుగో నంబరు, పాప, పాదం, ఏడు నెలలు. చెప్పాక సిగ్గేసింది. పెద్దావిడ గొడుగు పిడిని గట్టిగా పట్టుకుంది.

దారిలో లారీ అడ్డం పడింది. రేవు చేరేసరికి నాలుగూ ఇరవై రెండు. అత్తగారు పిల్లని భుజానేసుకుని ఎదురు పరిగెత్తుకొచ్చింది.

"ఎక్కడ చచ్చావే! నీ వ్యాన్ కనబడక వాడు ప్రాణాలు ఉగ్గబట్టుకున్నాడు. నేను గొలుసు దగ్గర పిల్లని ఎత్తి చూపించాను. అంతదూరం నించి ఏం కనబడుతుంది? ఆఖరి పడవవాణ్ణి బతిమాలి వంతు మార్చుకున్నాడు. అదుగో, చివరిది వాడిదే. పట్టుకెళ్ళు, పట్టుకెళ్ళు!"

గంటక్క పాపని చంకనేసుకుని మనుషుల్ని మెట్లు దింపింది. కింద అతనున్నాడు. పొద్దుటినించి వందలమంది మోచేతులు పట్టి దింపిన చేయి, ఎక్కించిన చేయి. ఐదుగుర్నీ ఎక్కించాడు. చూపు మాత్రం పిల్ల మీంచి తిప్పలేదు. మెట్ల పైనించి ఓడ అధికారి ఈల వేశాడు. ఆఖర్న పెద్దావిడ మిగిలింది.

ఆవిడ కుడిచేయి అతనికిచ్చి, ఒక కాలు పడవ అంచు మీద పెట్టి, వెనక్కి తీసేసుకుంది. "అమ్మో, మోకాలు."

"మెల్లగా అమ్మగారూ."

మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. ఈల మళ్ళీ మోగింది. "ఎనభై ఏళ్ళదాన్ని తోసేస్తారా?" అని పైకి చూసి గదమాయించింది. తర్వాత గొడుగు తెరిచి, ఊచలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంది. పొద్దున ఇదే మెట్టు చకచకా ఎక్కిన మనిషి. గంటక్కకి అర్థమైంది. పాపని ముందుకి చాపింది.

అతని కుడిచేయి పెద్దావిడ దగ్గర ఉంది. ఎడమచేయి ఖాళీగా ఉంది. దాంతో పాప పాదం పట్టుకున్నాడు. మొత్తం గుప్పిట్లో పట్టింది.

"బొటనవేలంతన్నావు" అన్నాడు.

"అది పుట్టినప్పటి మాట."

"అబద్ధాలకోరువి."

పాప కాలు లాక్కోలేదు. తండ్రి నారింజరంగు కోటు వైపు కళ్ళార్పకుండా చూసింది. ఇద్దరికీ దాచుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"ఇక ఎక్కుతాను నాయనా" అంది పెద్దావిడ, మెల్లగా. "ఇంతకంటే నావల్ల కాదు."

పడవ వెళ్ళిపోయింది. అతను రెండుసార్లు వెనక్కి చూశాడు, మూడోసారి చూడలేదు, ఓడ దగ్గరపడింది కదా. గంటక్క గడియారం చూసుకుంది. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

పైకొచ్చేసరికి అత్తగారు గొలుసు పట్టుకుని నిలబడి ఉంది. పాప అరికాలికి ఇంజను జిడ్డు నల్లగా అంటుకుంది. గంటక్క గుడ్డ తీయబోతే అత్తగారు చేయి అడ్డం పెట్టింది. ఆవిడకీ కొడుకుని ముట్టుకుని ఏడాదైంది. ఆ జిడ్డు పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని, ఓడ కదిలేదాకా వదల్లేదు.