కాలవలో మునిగిన కేకలు

నరసాపురం కాలవ మీద సరుకులమ్మేవాళ్లు తెల్లారేసరికి లాకుల దగ్గరకు చేరి, నీళ్ల వైపు తిరిగి కేక వేస్తారు. కేక ప్రవాహంలో తేలుతూ దిగువకు పోతుంది. వెనకాలే పడవ వెళ్లేసరికి ప్రతి రేవులోనూ ఆడవాళ్లు మెట్ల మీద నిలబడి ఉంటారు.

జీవరాజు 1896 సంక్రాంతి వెళ్లాక ఈ పనిలో చేరాడు. చంద్రరావు గారి కొట్టు తరఫున లేసు అల్లే సూదులు, దారపు ఉండలు అమ్మాలి. వేసవికి నీళ్లు ఆపి కాలవ కట్టేసేలోగా సరుకు పెట్టె ఖాళీ అయితే ఉద్యోగం ఖాయం. లేకపోతే తండ్రిలాగే ఆసామి పొలంలో కూలి.

మిషను బళ్లో మెల్లగా మాట్లాడటం అలవాటైన గొంతు అతనిది. కేక నీళ్లను తాకగానే మునిగిపోయేది.

"ఏంటయ్యా అది, కేకా, ప్రార్థనా?" అన్నాడు పడవ నడిపే పెదబాబు.

"గట్టిగానే అంటున్నానండి."

"చేపలు కొంటాయేమో చూడు మరి!"

రేవుల్లో ఎవరూ ఉండేవారు కాదు. అయినా రోజూ ప్రతి లాకు దగ్గరా కేక వేశాడు. ఏప్రిల్ నెలాఖరుకు కాలవ కట్టేశారు. చంద్రరావు గారు పెట్టె మూత ఎత్తి చూసి, మళ్లీ మూసేశారు.

"మంచివాడివే. ఈ పని నీది కాదు, నాయనా."

జీవరాజు మర్నాడే పార పట్టుకుని పొలానికి వెళ్లాడు.

నీళ్లు తీసిన నాలుగో రోజుకి కాలవ అడుగు బయటపడింది. మిగతావాళ్ల కేకలు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి. జీవరాజువి మాత్రం బురదలోనే ఉన్నాయి. ఎండ తగిలేసరికి ఒక్కొక్కటే లేచాయి. "సూదులండీ... దారమండీ..." పూడిక తీసే కూలీలు వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచారు.

లేసు అల్లే పాపాయమ్మ కొట్టుకే వచ్చేసింది. "మూడు రోజులుగా ఒకటే పిలుపండీ. ఇంత మర్యాదగా పిలిచి మనిషి రాకపోతే ఎలా?"

చంద్రరావు గారు వేరే మనిషిని పంపారు. ఆ గొంతు నీది కాదు పొమ్మని ఆడవాళ్లు తిప్పి పంపేశారు. చివరికి ఆయనే పెట్టె బండిలో వేసుకుని పొలం గట్టుకు వచ్చారు.

"పడవల్లేవు కదండీ," అన్నాడు జీవరాజు.

"అదే ఆలోచిస్తున్నా."

"నడిచి వెళ్తాను. కానీ ఇక కేకలు వేయనండి."

"వద్దులే బాబూ, ఉన్నవి చాలు."

జీవరాజు పార గట్టున పెట్టి, కాళ్లు కడుక్కుని, పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. ఎండిన కాలవలో దిగి నడిచాడు. మొదటి ఊరు వచ్చేసరికి రెండు గట్ల మీదా ఆడవాళ్లు నిండి ఉన్నారు. పెట్టె దించి, మొదటిసారి తలెత్తి అడిగాడు:

"ఏ నెంబరు సూది కావాలమ్మా?"