తాళం తిప్పితేనే ఛార్జింగ్

ఓబులేసు పొదుపు చూసి ధర్మవరంలో తోటి నేతగాళ్లే నవ్వుకునేవారు. మగ్గం మీద పోగు తెగితే జానెడు ముక్కనైనా పారేయడు, ముడివేసి వాడతాడు. రైల్వే గేటు పడితే చాలు, బండి ఆపి తాళంచెవి తీసి జేబులో వేసుకుంటాడు. అంత జాగ్రత్త మనిషిని దేవుడు చల్లగా చూడొద్దూ! చూడలేదు.

భార్య కమలాక్షికి రెండు కిడ్నీలూ చెడిపోయి మూడేళ్లయింది. వారానికి రెండుసార్లు ఆమెను బండి మీద పెనుకొండ మీదుగా హిందూపురం తీసుకెళ్లి డయాలసిస్ చేయించి తెస్తాడు. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టర్లు కొలత పెట్టారు. ఆ కొలతకు ఇంట్లో ఒక చిన్న స్టీలు గ్లాసు ఉంది. ఎండాకాలంలో ఆమె ఆ ఖాళీ గ్లాసు వైపు చూస్తుంటే ఓబులేసు తన నీళ్లు పెరట్లోకి పోయి తాగేవాడు.

బెంగళూరులో ఒక పెద్దాసుపత్రిలో కిడ్నీ కోసం పేరు రాయించి రెండేళ్లు దాటింది. "దొరికితే ఫోన్ చేస్తాం. రెండు నంబర్లివ్వండి. అరగంటలో మీరు పలకకపోతే తర్వాతి వాళ్లకు పోతుంది," అని అక్కడి మేడం ఖండితంగా చెప్పింది. ఓబులేసు తన నంబరూ, భార్య నంబరూ ఇచ్చాడు. పోయిన నెల కమలాక్షి ఫోన్ నీళ్లతొట్టిలో పడి చెడిపోయింది. ఇంకోటి దండగ అనుకుని ఆమె సిమ్మును తన ఫోన్‌లోనే రెండోదిగా వేసుకున్నాడు. నంబర్లు రెండు, ఫోన్ ఒకటి. అందులో తప్పేముందో ఆనాడు ఇద్దరికీ తట్టలేదు.

ఆ ఫోన్ కూడా ముసలిదే. వైరు తీస్తే పావుగంట నిలవదు. అందుకే హిందూపురంలో మెకానిక్ చౌడప్ప దగ్గర బండి హ్యాండిల్‌కు ఛార్జర్ పెట్టించాడు.

"డైరెక్టుగా బ్యాటరీకి ఇస్తానప్పా. బండి ఆపినా ఛార్జింగ్ ఎక్కతా ఉంటాది," అన్నాడు చౌడప్ప.

"వద్దప్పా. బండి బ్యాటరీ దిగిపోతే, బాగలేని మనిషిని పెట్టుకుని నడిదారిలో ఏం చేయల్ల? తాళం తిప్పితేనే వచ్చేట్టు పెట్టు," అన్నాడు ఓబులేసు.

ఆ మంగళవారం డయాలసిస్ ముగిసేసరికి రెండు దాటింది. ఫోన్‌ను ట్యాంకు మీది సంచిలో పెట్టి, వైరు గుచ్చి బయల్దేరాడు. పెనుకొండ దగ్గర కమలాక్షి అతని వీపు మీద తట్టింది.

"ఏమయ్యా, కండ్లు తిరగతాండాయి. రవ్వంతసేపు ఆపు."

వేపచెట్టు నీడన ఆపాడు. అలవాటు చొప్పున చెయ్యి తాళంచెవి తీసి జేబులో వేసుకుంది. ఆమె తల భుజం మీద పెట్టుకుని తుండుగుడ్డతో విసురుతూ కూర్చున్నాడు. తేరుకోవడానికి ముప్పావుగంట పట్టింది. తేరుకున్నాక నవ్వింది కూడా.

"కిడ్నీ వచ్చినాక మొట్టమొదట ఏం చేస్తానో తెల్సునా? చెంబెడు నీళ్లు గటగటా తాగతా. నువ్వు వద్దన్నా ఆపను."

"చెంబెందుకు మే, బిందెనే ముందర పెడతా."

పెళ్లయిన కొత్తలోలా ఇద్దరూ నవ్వుకున్నారు. సంచిలో ఫోన్ అప్పటికే ఆరిపోయింది.

తాళం తిప్పగానే ఛార్జర్ ఎర్రలైటు వెలిగింది. అది చూసి ఓబులేసు నిశ్చింతగా నడిపాడు. చెన్నేకొత్తపల్లిలో టీకి ఆగినప్పుడు ఫోన్ తీస్తే తెర నల్లగా ఉంది. బటన్ నొక్కిపట్టాడు. ఫోన్ మేలుకుని, ఒకదాని వెనక ఒకటి మెసేజీలు చూపించింది. అతని నంబరుకు నాలుగు కాల్స్, ఆమె నంబరుకు మూడు. అన్నీ బెంగళూరువే. మొదటిది మూడూ ఇరవైకి, ఆఖరిది నాలుగుకు పది నిమిషాల ముందు. ఇప్పుడు టైము నాలుగుంపావు.

కమలాక్షి టీ అంగడి బెంచీ మీద ఉంది. ఓబులేసు దూరంగా వెళ్లి ఫోన్ చేశాడు.

"రెండు నంబర్లూ స్విచాఫ్ వచ్చాయండి. ఇంకో పేషెంట్‌ను పిలిచేశాం," అంది మేడం.

"ఇప్పుడే వస్తాండాము మేడం. కారు మాట్లాడుకుని వస్తాము. కాళ్లు పట్టుకుంటా."

"వాళ్లు బయల్దేరిపోయారండి. మీ పేరు జాబితాలోనే ఉంటుంది."

"మళ్లీ ఎప్పుడు మేడం?"

"అది చెప్పలేం."

ఎవరిని తిట్టుకోవాలి? చౌడప్ప చెప్పనే చెప్పాడు. తాళం తిప్పే ఉంచి ఇంజను మాత్రం ఆపినా సరిపోయేది, పెట్రోలు చుక్క కూడా ఖర్చయ్యేది కాదు. చేతులారా ఆమె గొంతు కోశానని ఓబులేసుకు తెలిసిపోయింది. ఆ చేతిని నరుక్కోవాలనిపించింది.

"ఎవురయ్యా ఫోన్‌లో?" అంది కమలాక్షి.

"పట్టుచీరల అంగడోళ్లు," అన్నాడు.

ఇల్లు చేరాక ఆమె చెంబు నిండా నీళ్లు తెచ్చి అతని చేతికిచ్చి, ఎదురుగా గడప మీద కూర్చుంది.

"తాగు. నాకు కొలత ఉండాది గానీ, చూసేదానికి లేదు గదా. గటగటా తాగు. రేపు ఆ ఫోనొచ్చినాక నేనూ అట్లనే తాగల్ల."

ఆమె కళ్లు చెంబు మీదే ఉన్నాయి. ఓబులేసు చెంబు ఎత్తి, ఆమె చూస్తుండగా, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు.